మూడు చందమామలు, ఒక నేలమాళిగ

మా ఆయనకు పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల ట్రైలర్ల పిచ్చి. సినిమాల పిచ్చి కాదు, ట్రైలర్ల పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, సోఫాలో కాళ్లు చాపుకుని, టీవీలో ఒకదాని తర్వాత ఒకటి పెడతాడు. నలుపు తెలుపువి, రంగు వెలిసిపోయినవి, నిండా గీతలు పడ్డవి. అందరి మొగుళ్లు క్రికెట్ చూస్తారు, వార్తలు చూస్తారు. నా ఖర్మకు రాకెట్లు దొరికాయి.

అన్నీ ఒకే తీరు. ముందు చీకటి. అందులోంచి ఒక మగ గొంతు, బావిలోకి తల పెట్టి అరిచినట్టు, మనిషి అడుగుపెట్టని లోకం అంటుంది. అక్షరాలు మన ముఖం మీదికి ఎగిరొస్తాయి. రాకెట్ లేస్తుంది. ఒక ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కేక వేస్తుంది. దేన్ని చూసి వేసిందో చూపించరు. చివర్లో, మీ కళ్లను మీరే నమ్మలేరు అంటారు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజం చెప్పారని నేను వంటింట్లోంచి అరుస్తుంటాను.

ఈ మోసం నాకు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో ఆటోకు మైకు కట్టి, గులాబీ రంగు కాగితాలు విసురుకుంటూ తిరిగేవాళ్లు. డబ్బింగ్ బొమ్మ వస్తే గ్రహాంతరవాసుల భీకర దాడి, నేడే చూడండి అని ఒకటే గోల. తీరా పోయి కూర్చుంటే తెల్లకోట్లు వేసుకున్న నలుగురు ఒక గదిలో చేరి ఇంటర్వెల్ దాకా మాట్లాడుకునేవాళ్లు. దాడి అంటే ఆఖర్లో కిటికీ అవతల ఒక పచ్చ వెలుగు. తిట్టుకుంటూ బయటికొచ్చి, వచ్చే వారం మళ్లీ అదే ఆటో వెనక పరుగెత్తేవాళ్లం. ఎంతైనా ఆ మోసం ఒక మ్యాట్నీతో సరిపోయేది. ఇంటికొచ్చి అన్నం తింటే మరిచిపోయేవాళ్లం.

ట్రైలర్ల గురించి మా ఆయన గంటలు గంటలు చెప్పగలడు. సినిమా తీసేవాళ్లు వేరు, ట్రైలర్ కోసేవాళ్లు వేరట. షూటింగ్ అవుతుండగానే ఏవో కొన్ని ముక్కలు వాళ్ల చేతిలో పెడతారట. కథ భూమ్మీద జరుగుతుందో ఆకాశంలో జరుగుతుందో కూడా వాళ్లకు సరిగ్గా తెలియదట. ఏ ముక్క మెరిస్తే ఆ ముక్క అతికించడమే వాళ్ల పని. ఒకరోజు రెండు ట్రైలర్లు ఒకదాని పక్కన ఒకటి ఆపి నన్ను పిలిచాడు.

"చూసినవా? రెండిట్ల ఒకటే రాకెట్. అదే పొగ, అదే గుట్ట. ఒకదాంట్ల అంగారకుడికి పోతున్నదన్నరు, ఇంకోదాంట్ల శుక్రుడికి."

"మోసం గాదా మరి?"

"మోసమెట్లయితది? ట్రైలర్ల ఉన్న ప్రతి బొమ్మ సినిమాల ఉంటది. ఎంతసేపుంటది, ఎక్కడుంటది అని వాళ్లు చెప్పలే. మనమే అనుకున్నం."

ఈ మాట నేను అంతకుముందే విన్నాను. ఇదే నోటి నుంచి విన్నాను.

మా దిక్కు పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూడ్డానికి పోవడం ఒక ఆచారం. పిల్ల తరఫువాళ్లు నలుగురు పోయి, ఆ ఇంట్లో కూర్చుని చాయ తాగి, వంటింట్లోకి వెలుతురు వస్తుందా, గోడలు చెమ్మ పట్టాయా, నీళ్ల సంగతి ఏమిటి అని చూసుకుని వస్తారు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మావాళ్లు ఇల్లు చూసి అల్లుణ్ణి చూస్తారు. మరి అబ్బాయి ఎడిన్‌బర్గ్‌లో ఉంటే? వీడియో కాల్‌లో చూస్తారు.

అలా మా నాన్న, పెదనాన్న ఫోన్ ముందు కూర్చున్నారు. అవతల ఈయన ఫోన్ పట్టుకుని ఒక వంటింట్లో నడుస్తున్నాడు. తెల్లటి గోడలు, నిండా వెలుతురు. కిటికీ దగ్గర ఆగి ఫోన్ బయటికి తిప్పాడు. నల్లటి రాతిగుట్ట మీద కోట. మా పెదనాన్న చాయ గ్లాసు కింద పెట్టేసి "కోట ముంగట ఇల్లా!" అన్నాడు. నేను అమ్మ వెనక నిలబడి చూశాను. ఆ కిటికీ దగ్గర నిలబడి పొద్దున చాయ తాగడం నా మనసులో అప్పుడే మొదలైపోయింది.

పెళ్లయి వచ్చాక టాక్సీ ఒక రాతి భవనం ముందు ఆగింది. తలుపులన్నీ పైన ఉన్నాయి. మా ఆయన మాత్రం సూట్‌కేసు పట్టుకుని కిందికి దిగాడు. ఫుట్‌పాత్ పక్కన ఇనుప కమ్మీలు, వాటి మధ్య ఒక గేటు, గేటు అవతల కిందికి మెట్లు. మాది బేస్‌మెంట్ ఫ్లాట్. కిటికీ ఉంది, లేదనను. అందులోంచి పైన నడిచేవాళ్ల కాళ్లు కనిపించేవి. బూట్లు, కుక్కలు, చెత్తడబ్బాల చక్రాలు. గోడ మూలల్లో నల్లటి బూజు వచ్చేది, శనివారం శనివారం బ్లీచ్ పెట్టి తుడిచేదాన్ని, మళ్లీ వచ్చేది. తువ్వాలు ఎన్నడూ పూర్తిగా ఆరలేదు. ఫోన్‌లో మేం చూసిన వంటిల్లు రెండు వీధుల అవతల ఇంకో తెలుగు కుటుంబానిది.

అడిగాను. అడగకుండా ఊరుకునే మనిషిని కాదు నేను.

"నేనెక్కడ నా ఇల్లన్న? చూడుండ్రి అన్న. కోట ఉన్నదా, లేదా?"

కోట ఉంది. అదెక్కడికీ పోలేదు. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

ఎడిన్‌బర్గ్‌లో మనవాళ్లు కొద్దిమందే. ఒకరు ఖాళీ చేసిన ఫ్లాట్ ఏజెంటు దాకా పోకుండానే ఇంకొకరికి చేరుతుంది. కొన్నేళ్లకు ఆ కోట కిటికీ కుటుంబం మాంచెస్టర్ వెళ్లిపోతే ఆ ఫ్లాట్ మాకు వచ్చింది. మా బేస్‌మెంట్‌లోకి మా ఆయన ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఇద్దరు స్టూడెంట్లతో దిగాడు. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. వరసకు ఏమీ కాడు. తాళాలతో పాటు బ్లీచ్ సీసా కూడా నేనే అతని చేతిలో పెట్టాను. ఇక కోట సంగతంటారా, అంత ఆలస్యంగా వచ్చిన కోట మీద నాకు ప్రేమేమీ పుట్టలేదు. గిన్నెలు తోముతుంటే ఎదురుగా ఉంటుంది, అంతే.

ఆ కుర్రాడికి మా చిన్నమ్మ కూతుర్ని చూశారు. సంబంధం కలిపింది మా ఆయన. నేనూ వద్దనలేదు. పిల్లవాడు నెమ్మదస్తుడు, ఉద్యోగం ఉంది, వంట వచ్చు. చిన్నమ్మ ఫోన్ చేసి, "ఇల్లు చూసుడు నీ మీదనే పెడ్తున్న బిడ్డా, నువ్వు చూస్తె మేం అచ్చి చూసినట్టే" అంది. సరేనన్నాను. ఆదివారం చూపిస్తానన్నాను.

దానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, ఆ కుర్రాడితో కలిసి ముగ్గురం సినిమాకు పోయాం. ఊళ్లో ఒక చిన్న హాల్లో పాత సినిమాలు వేస్తారు. మా ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ట్రైలర్ ఒకటుంది. మూడు చందమామలున్న ఎర్రటి ఎడారి, వెండి బట్టలు వేసుకున్న మనుషులు, గాజు బురుజులు. నక్షత్రాల అవతల మరో నేల అంటుంది ఆ గొంతు. ఆ ట్రైలర్ వంద సార్లు చూసి ఉంటాడు గానీ సినిమా ఎన్నడూ చూడలేదు. అది ఇక్కడికి వచ్చిందనగానే ముగ్గురికి టికెట్లు తెచ్చేశాడు.

సినిమా మొదలైంది. ఒక పొలం, దాని మధ్య ఇల్లు, ఇంటి కింద నేలమాళిగ. పైన గాలి విషమైపోయిందని ఒక కుటుంబం ఆ నేలమాళిగలోకి దిగి తలుపు వేసుకుంటుంది. ఇక అక్కడే. తండ్రి రేడియో తిప్పుతుంటాడు, తల్లి ఆలుగడ్డల చెక్కు తీస్తుంటుంది. పిల్లవాడికి జ్వరం వస్తుంది. ఆ జ్వరంలో వాడికి వచ్చిన కలలో మూడు చందమామలు, ఎర్రటి ఎడారి, గాజు బురుజులు అన్నీ వచ్చి, నేను చాక్లెట్ కాగితం విప్పేలోపు అయిపోయాయి. మళ్లీ నేలమాళిగ. హాలంతా నవ్వింది. మా ఆయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. "చూసినవా? కలంతా ట్రైలర్ల పెట్టిండ్రు! మిగిలింది దాచిండ్రు!" అని నా చెవిలో గుసగుసలాడాడు.

నేను నవ్వలేదు. నేను సినిమా చూస్తున్నాను. ఆ తల్లి రోజూ లేవగానే పాత గుడ్డతో గోడ చెమ్మ తుడుస్తుంది. తుడిచి, గుడ్డ పిండి, దండెం మీద వేస్తుంది. అది ఆరదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మంచి సినిమా అది. ఆ నేలమాళిగనే ట్రైలర్‌లో చూపించి ఉంటే నేను నా అంతట నేనే టికెట్ కొనుక్కుని వచ్చేదాన్ని. చందమామలు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగి వస్తూ బస్సు పై అంతస్తులో కూర్చున్నాం. వాళ్లిద్దరూ ముందు సీటు, నేను వెనక సీటు. ఆ కుర్రాడు వెనక్కి తిరిగాడు.

"వదినా, రేపు మీ చిన్నమ్మోళ్లకు మీ ఇంట్ల కెల్లే ఫోన్ చేద్దాం అంటున్నడు అన్న."

"నీ ఇల్లు చూస్తరట గని, నా ఇల్లెందుకు?"

"నాదని చెప్పం వదినా. జెర చూపిస్తం, అంతే."

మా ఆయన కూడా తిరిగాడు. "వాడేం అబద్ధం చెప్తలేడు గదా. కిటికీ ఉన్నది, కోట ఉన్నది."

అదే రాకెట్. అదే పొగ, అదే గుట్ట. నాకు ఒళ్లు మండింది.

"వాడుండేది బేస్‌మెంట్ల. గదే చూపియ్యి."

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే పిల్లనెవలిస్తరు?"

"నేనచ్చేదాన్ని," అన్నాను. "నువ్వు గా బేస్‌మెంటే చూపిచ్చి, గిదే నా ఇల్లు, చెమ్మ ఉంటది, ఇద్దరం కలిసి ఇంకోటి ఎతుకుదాం అంటే నేనచ్చేదాన్ని. నీ ముఖం చూసి ఒప్పుకున్న నేను, కోటను చూసి గాదు."

ఆయన నవ్వాడు. "ఇప్పుడంటవు గట్లనే" అన్నాడు.

ఆ నవ్వు నన్ను కోసేసింది. బేస్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ నేను చెమ్మ గురించే బాధపడుతున్నాననుకున్నాను. చెమ్మ కాదు. కోట లేకపోతే ఈ మనిషిని నేను చేసుకోనని ఆయన లెక్క వేసుకున్నాడు. అసలు సంగతి చెబితే పారిపోయే మనిషి కింద నన్ను జమ కట్టాడు. ఇన్నేళ్లు ఒకే కంచంలో తిన్నా ఆ లెక్క మారలేదు.

ఆదివారం కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మా సోఫాలో కూర్చున్నాడు. మా ఆయన మా పెళ్లి ఫొటో గోడ మీంచి తీసి మంచం కింద పెట్టాడు. గోడకు మేకు మిగిలింది. ఫోన్ కలిసింది. అటు చిన్నమ్మ, చిన్నాయన, వాళ్ల వెనక నిలబడి మా చెల్లె. అచ్చం నేను నిలబడినట్టే నిలబడింది.

"అక్కా, కోట కనవడ్తదట గదా? చూపియ్యవా?"

చూపించాను. కిటికీ దగ్గరికి పోయి కోట చూపించాను. అది ముచ్చటపడి నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక నా వల్ల కాలేదు.

"చెల్లే, ఇది నా ఇల్లు. ఆయన ఇల్లు వేరే ఉన్నది. రా, చూపిస్త."

చెప్పులేసుకుని, ఫోన్ పట్టుకుని మెట్లు దిగాను. వెనక మా ఆయన నన్ను పిలుస్తున్నాడు. పిలుస్తూనే ఉన్నాడు. రెండు వీధులు దాటాను. గాలికి ఫోన్‌లో మాట సరిగా వినపడలేదు గానీ బొమ్మ మాత్రం వాళ్లకు కనపడుతోంది. ఇనుప గేటు తీసి బేస్‌మెంట్ మెట్లు దిగి బెల్లు కొట్టాను. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో ఆమ్లెట్ పెనంతో స్టూడెంట్ ఒకడు తలుపు తీశాడు. "అక్కా, చెప్పకుండా వచ్చేశారేంటి?" అని కంగారుపడ్డాడు. వాణ్ణి తప్పుకోమని లోపలికి పోయాను. వంటిల్లు చూపించాను. కిటికీ చూపించాను. అప్పుడే ఎవరివో బూట్లు, వాటి పక్కన ఒక కుక్క కాళ్లు దాటిపోయాయి. గోడ మూల చూపించాను.

"చెమ్మ గిట్ల పడ్తది చెల్లే. తుడుసుకోవాలె. పిల్లగాడు మంచోడు. ఇల్లు మాత్రం గిది."

రెండూ చెప్పాను. రెండూ నిజాలే. తెర మీద చిన్నమ్మ ముఖం బిగుసుకుపోయింది. చెల్లె మాత్రం ముందుకు వంగి ఆ కిటికీ వంక చూస్తోంది. అంతలో ఫోన్ కట్టయింది.

సాయంత్రానికి చిన్నమ్మ మళ్లీ చేసింది. పలకరింపులేమీ లేవు.

"నువ్వు కోట కాడ ఉంటివి. నా బిడ్డ గంత మంచిగుంటే నీ కండ్లు మండుతున్నయా?"

నాకేమీ అర్థం కాలేదు. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. కుర్రాడు వాళ్లకు ఫోన్ చేసి, వదిన చూపించింది వాళ్లు ముందుండిన ఇల్లు, అన్నకూ వదినకూ గొడవైంది, కోపంలో పాత ఇల్లు చూపించింది, కోట ఇల్లు మాత్రం నాదే అని చెప్పాడట. కావాలంటే ఒట్టేస్తానన్నాడట. మా ఆయన పక్కనే కూర్చుని ఊ కొట్టాడట. నిజమే, ఆ ఇంట్లో నేను ఉన్నాను. నిజమే, మాకు గొడవైంది. నిజమే, నాకు కోపం వచ్చింది. ముక్కలన్నీ నిజమే, చివర అతికించిన ‘నాదే’ ఒక్కటే అబద్ధం. ట్రైలర్లు చూసీ చూసీ మా ఆయన బాగానే నేర్చుకున్నాడు.

పెళ్లి అయింది. మా ఆయన వెళ్లొచ్చాడు. నాకు చిన్నమ్మ పిలుపు రాలేదు. నేను పనిచేసే హాస్పిటల్‌లో డ్యూటీల రోటా కుదరక నేను పోలేదని ఇక్కడి తెలుగువాళ్లందరికీ చెప్పాడు. నేను కాదనలేదు. కాదన్నా నమ్మేదెవరు? నిజం చూపించినందుకు ఓర్వలేనిదాన్నయ్యాను, ఇంకా నోరు తెరిస్తే ఏమవుతానో.

ఆ పిల్ల వచ్చే రోజు మా ఇంట్లోనే భోజనం అన్నాడు మా ఆయన. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చారు. కుర్రాడు తేలు కుట్టిన దొంగలా నా వంక చూడకుండా పెద్ద సూట్‌కేసు గుమ్మం పక్కన పెట్టాడు. చెల్లె నన్ను చూసి ఒక్క క్షణం తటపటాయించి, కాళ్లకు దండం పెట్టింది. తర్వాత ఆగలేక కిటికీ దగ్గరికి పోయింది. వాన వెలిసి కోట తళతళలాడుతోంది. కిటికీ గట్టు మీద చెయ్యి పెట్టి, అక్కడ పెంచుకున్న నా కొత్తిమీర కుండీని ముట్టుకుంది. ఇటు తిరిగి గోడ మీద మా పెళ్లి ఫొటో చూసింది. మళ్లీ తగిలించాను దాన్ని, అదే మేకుకు. ఫొటో చూసి కూడా చెల్లెకేమీ తట్టలేదు. మేం కూడా అక్కడే ఉంటున్నామనుకుంది కాబోలు.

"అక్కా, మా సామాన్లు ఏ రూంల పెట్టుకోవాలె?"

కుర్రాడు నేల చూపులు చూశాడు. మా ఆయన టీవీ రిమోట్ వెతుక్కుంటున్నాడు. అన్నం వండి ఉంది, పప్పు చల్లారుతోంది. నేను చెప్పులేసుకున్నాను. చిన్న సూట్‌కేసు నేనే అందుకున్నాను.

"రా చెల్లే," అన్నాను.

అది ఏమీ అడగకుండా నా వెంట మెట్లు దిగింది. పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ కుర్రాడు మా వెనక వచ్చాడు. ఫుట్‌పాత్ తడిగా ఉంది. రెండో వీధి దాటి ఇనుప కమ్మీలు కనపడేసరికి అది ఆగిపోయింది. గుర్తుపట్టింది. నేను ఫోన్‌లో చూపించినవే కదా.

"గిదేనా అక్కా?"

"గిదే."

కమ్మీలు పట్టుకుని కిందికి తొంగిచూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నువ్వు చూపిచ్చిన దినం నేను నిన్నే నమ్మిన. ఉంటే ఉన్నది, బేస్‌మెంట్ల మనుషులుంటలేరా, నేను పోత అని అమ్మతోటి అన్న. గది పాత ఇల్లని ఈయనే ఒట్టేసిండు. ఎందుకక్కా? నేనస్తనంటనే ఉంటి గదా."

వెనక సూట్‌కేసు చక్రాల చప్పుడు ఆగింది. నేను వెనక్కి చూడలేదు. గేటు తీసి పట్టుకున్నాను.